మా యారాలి బండి

మా మరిది కొత్త బండి తెచ్చిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఉప్పల్‌లో మేం రెండు వాటాల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. పై వాటా మాది. కింది వాటాలో మా మరిది, అతని భార్య. ఆమె నాకు యారాలు. తోటికోడల్ని మా భువనగిరి వైపు అట్లాగే అంటారు. వాళ్ళ పెళ్ళయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఆదివారం పొద్దున నేను డాబా మీద బట్టలు ఆరేస్తుంటే కింద నుంచి మరిది కేకేశాడు.

"వదినా, జర కిందికి రా! బండి సూద్దువు గానీ."

పిట్టగోడ మీద నుంచి తొంగి చూశాను. గేటు దాకా వచ్చి ఆగినా దాని చప్పుడు నాకు వినపడలేదు. పొడుగ్గా, నేలకి దగ్గరగా, కాళ్ళు చాపుకుని పడుకున్నట్టుగా ఉంది. హ్యాండిల్‌కి బంతిపూల దండ వేశారు. ఎండకి సైలెన్సరు తళతళలాడుతోంది. ఇవన్నీ ఒక ఎత్తు, వెనక సీటు ఒక ఎత్తు. ముందు సీటు కంటే ఒక మెట్టు పైకి, వెడల్పుగా, వీపు ఆనించుకోవడానికి మెత్తటి దిండు బిగించి ఉంది.

నేను దిగి వెళ్ళేసరికే మా యారాలు దాని మీద ఎక్కి కూర్చుంది. ఆమె ఎప్పుడూ పంజాబీ డ్రెస్సులే వేసుకునేది. రెండు వైపులా కాళ్ళేసి, వీపు ఆనించి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"అక్కా, అచ్చం కుర్చీల కూసున్నట్టే ఉంది. ఏదీ పట్టుకునే పనే లేదు" అంది.

"మంచిగుంది" అన్నాను.

ఆమె నాకంటే తెల్లగా ఉంటుంది. నాకంటే ఎక్కువ చదువుకుంది. నవ్వితే ఇల్లంతా వినపడేలా నవ్వుతుంది. వాటిల్లో దేనికీ నేనెప్పుడూ బాధపడలేదు. ఆ వెనక సీటు చూసినప్పుడు మాత్రం కుళ్ళు పుట్టింది. ఎందుకో తెలియాలంటే మా బండి సంగతి చెప్పాలి.

మా ఆయనది ఎప్పటి నుంచో బండ్లు చేస్తున్న ఒక పాత కంపెనీ బండి. వీధి మొదట్లో ఉండగానే మా వంటింట్లో గిన్నెలు కదిలే రకం. పెళ్ళికి ముందే ఎవరో వాడినదాన్ని కొన్నాడు. నాచారంలో ఒక మిషన్ షాపులో లేతు మీద పని ఆయనది. ఊరి నుంచి వచ్చి చేరిన కొత్తలో అక్కడి ఫోర్‌మన్ దగ్గర అలాంటి బండి ఉండేదట. సాయంత్రాలు దాన్ని తుడిచిపెడితే గేటు దాకా నడపనిచ్చేవాడట. అప్పటి నుంచి మా ఆయనకి బండి అంటే ఆ కంపెనీ బండే. మిగతావాటిని చూసి, "గవి సైకిళ్ళే. ఇంజన్ పెట్టిన్రు గంతే" అనేవాడు.

దాన్ని స్టార్ట్ చేయడం ఒక తతంగం. ముందు హెడ్‌లైటు మీద చిన్న మీటర్లో ముల్లు మధ్యకి వచ్చేదాకా కిక్ రాడ్డు మెల్లగా నొక్కాలి. తర్వాత ఒంటి బరువంతా వేసి ఒక్క తన్ను తన్నాలి. లెక్క తప్పితే అది తిరిగి తంతుంది. మిగతా బళ్ళకి తలకిందులుగా గేర్లు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. వేరే ఎవరైనా నడపబోతే గేరనుకుని బ్రేకు తొక్కి నడిరోడ్డు మీద నిలబడిపోయేవాళ్ళు. అది మా ఆయనకి మహా సంబరం.

నేనూ నాచారంలోనే, ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్లో చేసేదాన్ని. రోజూ పొద్దున మా పాపని బడి దగ్గర దింపి, హబ్సిగూడ మీదుగా నన్ను మా గేటు దాకా తీసుకెళ్ళి, తను పనికి పోయేవాడు. చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చునేదాన్ని. ఒక చెయ్యి ఆయన భుజం మీద, ఒక చెయ్యి సీటు కింద ఇనుప కడ్డీ మీద. దిగేసరికి అరికాళ్ళు తిమ్మిరెక్కి, నడుం పట్టేసి, మాత్రల పెట్టెలు సర్దుతున్నంతసేపూ చేతులు ఇంకా వణుకుతున్నట్టే ఉండేవి.

మా ఆయన కూడా ఆ ఆదివారం చేతులు వెనక్కి కట్టుకుని తమ్ముడి బండి చుట్టూ తిరిగాడు.

"ఏందిరా, ఇంజన్ గింతే ఉన్నది. గింత పొడుగు బండిని గుంజుతదా?"

"మస్తు గుంజుతది అన్నా. మైలేజీ నీ దానికి డబల్. నీ కంపెనీ కొత్త బండి కంటె ధర గూడ తక్కువ. సెల్ఫ్ నొక్కితె చాలు, తన్నుడు లేదు."

"అమ్మేటప్పుడు తెలుస్తది ధర" అని పైకి వచ్చేశాడు.

వచ్చి మంచం మీద కూర్చుని, "వానికి బండి నేర్పింది నేను. నా బండి మీదనే నేర్చుకున్నడు. ఒక్క మాట అడగకుండ వేరే కంపెనీ షోరూమ్‌కు పోయిండు" అన్నాడు. తమ్ముడు చెప్పకుండా పార్టీ మారిపోయినట్టు మాట్లాడాడు. నేను ఓదార్చలేదు. నా మంట నాకుంది.

ఆ తర్వాత పొద్దున పూటలు మరీ కష్టమయ్యాయి. మా యారాలు హబ్సిగూడలో కంప్యూటర్ క్లాసుకి పోయేది. అందరం ఒకే వేళకి బయల్దేరేవాళ్ళం. మా ఆయన ఇంకా ముల్లు మధ్యకి తెచ్చుకుంటూ ఉండగానే మరిది బండి చప్పుడు లేకుండా గేటు దాటిపోయేది. "టాటా అక్కా!" అని ఆమె రెండు చేతులూ ఎత్తి ఊపేది. ఆ ఊపడంలో ఏ ఎత్తిపొడుపూ లేదు. ఉంటే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని. మంచి మనిషి మీద కుళ్ళుకోవడం ఇంకా కష్టం.

మా ఆయన అప్పటికే కొత్త బండి ఆలోచనలో ఉన్నాడు. ఆయన మెచ్చిన ఆ బండి కంపెనీ వాళ్ళు కూడా పొడుగు హ్యాండిల్‌తో ఒక మోడల్ తెచ్చారు. తీసుకుంటే అదే తీసుకోవాలని ఆయన పంతం. నేను అడ్డం పడ్డాను.

"వెనక కూసునేది నేను. నాకు నచ్చింది తీస్కో. తమ్ముడు తీస్కున్నదే తీస్కో."

"కంపెనీ మారుడు నాతోని కాదు."

"కంపెనీ నీకేమన్న సుట్టమా?"

"సుట్టమే అనుకో. మన బండి ఇరవై ఏండ్లయినా నడుస్తది. పాతదైనకొద్ది అడిగి కొంటరు. వాని బండి మోడల్ బంద్ అయితె ఎవడు కొంటడు?"

"బండి ఇరవై ఏండ్లు నడుస్తది సరే. గప్పటిదాక నా నడుము నడువొద్దా?"

నవ్వాడు కానీ ఒప్పుకోలేదు. పోరగా పోరగా, ఒకే రోజు రెండు షోరూములూ చూసొద్దాం అన్నంత వరకు వచ్చాడు.

ముందు మరిది కొన్న చోటికి వెళ్ళాం. చల్లగా ఏసీ, కూర్చోగానే కూల్‌డ్రింకు. సేల్స్ మనిషి నన్ను వెనక సీటు మీద కూర్చోమన్నాడు. అన్నాళ్ళు నా కళ్ళల్లో తిరిగిన సీటు. అలవాటు ప్రకారం ఒక పక్కకి కూర్చున్నాను. ఆ దిండు వచ్చి నా ఎడమ చంకలో గుచ్చుకుంది.

"మేడం, రెండు వైపులా కాళ్ళేసుకుంటేనేనండి అది వీపుకి వచ్చేది. చీరలో కుదరదు" అన్నాడతను.

మా ఆయన పక్కకి తిరిగి నవ్వు ఆపుకుంటున్నాడు. చెవులు వేడెక్కాయి నాకు. నేను నెలల తరబడి కుళ్ళుకున్న దిండు నాలాంటి మనిషిని తలుచుకుని పెట్టింది కాదు. కుళ్ళు అక్కడితో తగ్గాలి కదా, తగ్గలేదు. మా యారాలి సీటు మీదే కాక ఆమె పంజాబీ డ్రెస్సుల మీదికి కూడా పాకింది.

రెండో షోరూములో కూల్‌డ్రింకు కాదు కదా, మంచినీళ్ళు అడిగినవాళ్ళు కూడా లేరు. కౌంటర్ దగ్గర మనిషి తల ఎత్తకుండానే, "బుక్ చేస్కొని పొండి. నెలలు పడ్తది" అన్నాడు. ఇంకెవరైనా అయితే మా ఆయన అక్కడే గొడవ పెట్టుకునేవాడు. అక్కడ మాత్రం గుళ్ళో నిలబడ్డట్టు నిలబడ్డాడు. వరసలో మొదట ఉన్న బండి దగ్గరికెళ్ళి ట్యాంకు మీద చెయ్యి వేసి నిమిరాడు. మెల్లగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడన్నా నా తల మీద అట్లా చెయ్యి వేశాడా అనుకున్నాను. గుర్తు రాలేదు.

ఏదీ తేల్చకుండానే ఇంటికొచ్చాం.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఘట్‌కేసర్ అవతల మా చుట్టాల గృహప్రవేశం పడింది. రెండు బళ్ళ మీద బయల్దేరాం. మా పాప ముందు ట్యాంకు మీద. ఉప్పల్ దాటి పెద్ద రోడ్డెక్కాక అన్నదమ్ములిద్దరూ పందెం అనకుండానే పందెం వేసుకున్నారు. కాసేపు వాళ్ళు ముందు, కాసేపు మేము. ఒకసారి పక్కపక్కన వచ్చినప్పుడు చూద్దును కదా, మా యారాలు దిండుకి ఆనుకుని కమలాపండు వొలుచుకుంటోంది. నడుస్తున్న బండి మీద, రెండు చేతులతో!

"అక్కా, తీస్కో!" అని ఒక తొన చాపింది.

నాకు ఆ కడ్డీ వదిలే ధైర్యం లేదు. మా పాప ట్యాంకు మీద నుంచి చెయ్యి చాచి అందుకుంది. "తియ్యగున్నది అమ్మా" అని చప్పరిస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

భోజనాలయ్యాక లేవబోతే నడుం నిటారు కాలేదు. గోడ పట్టుకుని నిలబడ్డాను. అది మా యారాలు చూసింది.

"అక్కా, నువ్వు మా బండి మీద కూసో. నేను బావ బండి మీద వస్త."

"వద్దమ్మా. అలవాటు లేదు నీకు" అన్నాడు మా ఆయన.

"అలవాటు జేస్కుంట బావా. ఎన్నిరోజులాయె, ఒక్కసారన్న కూసోవాలని నాకూ ఉంది" అని ఆమె మధ్యలో తన సంచి పెట్టుకుని ఎక్కి కూర్చుంది.

నేను మరిది బండెక్కాను. ఒక పక్కకి కూర్చుని దిండునే చేత్తో పట్టుకున్నాను. అబ్బ, ఎంత హాయి! కుదుపు లేదు, వణుకు లేదు, చీర కుచ్చిళ్ళకి నూనె మరక భయం లేదు. "మంచిగుందా వదినా?" అని అడిగాడు మరిది. "మస్తుంది" అన్నాను. ఒక మైలు దూరం నా అంత సుఖపడ్డ మనిషి లేదు.

అప్పుడు పక్కకి చూశాను.

మా బండి మాకు కొంచెం ముందు పోతోంది. మా యారాలు ముందుకి ఒంగి ఏదో అడుగుతోంది. మా ఆయన తల సగం వెనక్కి తిప్పి చెబుతున్నాడు. ఆమె మళ్ళీ అడుగుతోంది. ఆయన ఒక చెయ్యి హ్యాండిల్ మీద నుంచి తీసి గాల్లో ఏదో చూపించాడు. ఇద్దరూ నవ్వారు. ట్యాంకు మీద మా పాప కూడా నవ్వింది. ఉప్పల్ నుంచి నాచారం దాకా రోజూ నాతో రెండు మాటలు మాట్లాడని మనిషి! ఆ డుగ్ డుగ్ చప్పుడులో ఒక్క ముక్క వినపడదు.

"జర దగ్గరికి పోనియ్" అన్నాను మరిదితో.

"ఎందుకు వదినా?"

"పాప సరిగ్గ కూసున్నదో లేదో."

దగ్గరికెళ్ళినా ఏమీ వినపడలేదు. ఆ చల్లటి సీటు మీద కూర్చుని ఇంటిదాకా ఉడికిపోయాను.

గేటు దగ్గర మా యారాలు దిగింది. జుట్టంతా చెదిరిపోయింది, మొహం ఎర్రబడి వెలిగిపోతోంది.

"అక్కా, ఏం బండక్కా! ఆ సప్పుడు కాళ్ళల్లకెల్లి ఎక్కి గుండెల కొట్టుకుంటది. రోజూ గీ బండి మీద తిరుగుతవ్, ఎంత అదృష్టం నీది!"

వెక్కిరిస్తోందేమో అని ఆమె మొహంలోకి చూశాను. వెక్కిరింపు లేదు. ఆమె నిజంగానే నన్ను చూసి కుళ్ళుకుంటోంది!

సాయంత్రం నేను బియ్యం ఏరుతుంటే పాప పక్కన చేరింది. "డాడీ ఏం చెప్పిండు చిన్నమ్మకి?" అని అడిగాను.

"మీటర్ల ముల్లు ఎందుకని చిన్నమ్మ అడిగింది. డాడీ చెప్పిండు. బండి ఎట్ల నేర్చినవ్ బావా అని అడిగింది. సారు బండిని డాడీ మోరీల పడగొట్టిండట! భయపడి లేతు మిషన్ ఎన్క దాక్కున్నడట. సారు వచ్చి, దెబ్బ తాకిందా బిడ్డా అని అడిగిండట. అప్పుడు డాడీ ఏడ్చిండట."

ఫోర్‌మన్ బండి తుడిచిన సంగతి నాకు తెలుసు. మురిక్కాలవలో పడేసిన సంగతి తెలియదు. ఏడ్చిన సంగతి అసలే తెలియదు. ఇన్నేళ్ళుగా ఆ బండి మీద నేను ఆయనతో అన్నదల్లా మెల్లగా పో, జర ఆపు, నా నడుము పోయింది. ఆమె ఒక్క ప్రయాణంలో అడిగి రాబట్టుకుంది. సీటు మీది మంట ఎటుపోయిందో పోయింది, దాని చోట ఇది వచ్చి కూర్చుంది.

ఆ రోజు నుంచి కింది వాటాలో కూడా ప్రశాంతత పోయింది. "గంత నచ్చితె ముందుగాల చెప్పకపోతివి, గదే కొంటుంటిమి కదా!" అని మరిది గొంతు కిటికీలోంచి వినపడేది. మైలేజీ మాటలు మానేశాడు. అన్న బండి తుడుస్తుంటే అరుగు మీద కూర్చుని మూతి ముడుచుకుని చూసేవాడు. కొన్నాళ్ళకి అతని బండి మోడల్‌ని కంపెనీ నిజంగానే ఆపేసింది. మా ఆయన "నేను చెప్పలేదా" అంటాడని చూశాను. ఒక్కసారి కూడా అనలేదు.

ఒక రోజు మరిది పైకి వచ్చాడు. "అన్నా, నువ్వు కొత్తది తీస్కుంటె పాతది నాకిస్తవా?"

మరిది వెళ్ళాక మా ఆయనతో నేనన్నాను, "బయటోళ్ళకు అమ్ము. ఇంట్ల వాళ్ళకు ఇస్తె ధర రాదు."

ధర కాదు నా బాధ. ఆ బండి వెనక ఆమె కూర్చోవడం నా బాధ.

"బయటోళ్ళకు ఎట్లిస్త? వాడు మల్ల మన కంపెనీకి వచ్చిండు" అన్నాడు మా ఆయన. ఆ సంతోషంలో తమ్ముడు ఎంతిస్తే అంత తీసుకున్నాడు. మరిది తన పొడుగు బండిని వచ్చిన కాడికి అమ్ముకున్నాడు. మేం పాత కంపెనీ కొత్త మోడల్ బుక్ చేశాం. ఆయన కంపెనీ ఆయనకి దక్కింది. నాకు సెల్ఫ్ స్టార్టు, వీపుకి దిండు దక్కాయి. బండి వచ్చే లోపు నేను పంజాబీ డ్రెస్సులు కుట్టించుకున్నాను. మొదటి రోజు రెండు వైపులా కాళ్ళేసి, దిండుకి ఆనుకుని, మా కంపెనీ గేటు ముందు దిగితే ప్యాకింగ్ సెక్షన్ వాళ్ళంతా చూశారు. నడుం నొప్పి పోయింది. కోరుకున్నదంతా వచ్చింది.

కానీ పొద్దున లేస్తే కింద డుగ్ డుగ్. మా ఆయన టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో నిలబడేవాడు. "చోక్ ఎక్కువ గుంజుతుండు." "పాయింట్లు సాఫ్ చెయ్యలే." "గట్ల తంతరారా కిక్కు!" తనలో తనే గొణుక్కునేవాడు. టీ చల్లారిపోయేది. కింద మా యారాలు బండెక్కి పైకి చూసి, "పోయొస్తం బావా!" అనేది. చప్పుడు వీధి మలుపు తిరిగి వినపడకుండా పోయేదాకా ఆయన కదిలేవాడు కాదు. తమ్ముడి మీద ఆయనకి కుళ్ళు. ఆ చప్పుడు మీద నాకు కుళ్ళు.

కొత్త బండి మీద గేరనుకుని బ్రేకు తొక్కి హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఎన్నిసార్లు నిలబడిపోయాడో! "దీనికి సప్పుడే లేదు" అని విసుక్కునేవాడు. కంపెనీ అదే కదా అంటే హారన్ కొట్టేవాడు. ఆయన ప్రాణం పెట్టుకున్నది కంపెనీ మీద కాదు, ఆ ఒక్క బండి మీద అని నాకు తెలిసిపోయింది. ఆయనకి తెలిసిందో లేదో.

నేనూ మా యారాలిలా ముందుకి ఒంగి అడిగి చూశాను. "గీ మీటర్ ఎందుకయ్యా?"

"గది పెట్రోల్ మీటర్" అన్నాడు. అంతటితో సంభాషణ అయిపోయింది.

ఏళ్ళు గడిచాయి. ఉప్పల్ రోడ్డు మధ్యలో మెట్రో పిల్లర్లు లేచాయి. రాష్ట్రం వచ్చిన ఏడాది మరిది వాళ్ళు ఘట్‌కేసర్ దగ్గర ఫ్లాట్ కొనుక్కుని వెళ్ళిపోయారు. బండీ వాళ్ళతో పోయింది. వాళ్ళు వెళ్ళిన మర్నాడు పొద్దున మా ఆయన టీ గ్లాసుతో బాల్కనీలోకి వచ్చి, కింద ఖాళీ జాగా చూసి, లోపలికి వచ్చి కూర్చుని టీ వేడిగా ఉండగానే తాగేశాడు. ఇప్పుడన్నా నాకు శాంతి దొరికిందనుకున్నాను. ఆదివారం రాగానే, "తమ్ముని ఇంటికి పోయొద్దామా?" అన్నాడు.

వెళ్ళాం. అన్నం తిన్నాక మరిది తాళం చెవి చాపాడు. "అన్నా, ఒక రౌండ్ కొట్టిరా."

"వద్దురా. నీ బండి."

"పో బావా" అంది మా యారాలు. నేనూ "పో" అన్నాను. అనకపోతే బాగుండదు.

ముల్లు మధ్యకి తెచ్చి తన్నాడు. స్టార్ట్ కాలేదు. మళ్ళీ తన్నాడు. కాలేదు. మా యారాలు దగ్గరికెళ్ళి, "బావా, ఇప్పుడు గంత జోరుగ తన్నుడు అవసరం లేదు. మెల్లగ" అంది. మెల్లగా తన్నగానే అందుకుంది. ఒక చుట్టు తిరిగి వచ్చి, స్టాండ్ వేసి చేతులు తుడుచుకున్నాడు.

తిరుగు దారిలో బోడుప్పల్ దగ్గరికి వచ్చాం.

"ఎట్ల నడిచింది?" అని నేనే అడిగాను.

"మంచిగ నడిచింది. నా దగ్గర ఉన్నప్పటి కంటె మంచిగ." అద్దం సర్దుకుని అన్నాడు, "ఇంజన్ టైమింగ్ సరిజేపిచ్చిన్రట. సప్పుడుల తేడా ఉన్నదని ఆమెనే కనిపెట్టిందట."

ఆయన గొంతులో ఉన్నది నాకు బాగా తెలిసినదే. జాలి కలిగింది, వెంటనే ఒళ్ళూ మండింది.

"మన బండికి గూడ ఏదో సప్పుడొస్తున్నది కదా?" అన్నాను.

నిజానికి నాకేమీ వినపడలేదు. ఏదో ఒకటి అడగాలని అడిగాను. ఆయన వేగం తగ్గించి కాస్త తల వంచి విన్నాడు.

"అవును. చైన్ లూజైనట్టున్నది. నీకెట్ల తెలిసింది?"

"ఇనపడ్డది" అన్నాను.

ఇంటికి చేరాక మా యారాలు ఫోన్ చేసింది. "అక్కా, మంచిగ చేరుకున్నరా? మా మెకానిక్ మస్తు పనిమంతుడు. మీ బండి గూడ తెమ్మని బావకు చెప్పు."

"చెప్త" అన్నాను. చెప్పలేదు. మర్నాడు పని నుంచి వచ్చాక మా వీధి చివర షాపులోనే చైన్ బిగించుకున్నాం. మా ఆయన కింద కూర్చుని చక్రం తిప్పుతూ, చైన్ ఎంత ఊగాలో ఎంత ఊగకూడదో చెబుతున్నాడు. నేను పక్కనే నిలబడి, అర్థమైన చోటా కాని చోటా తల ఊపుతూ, ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోయాను.